ఆయుధ పూజ నాడు డి డ్రైవు

నేను పిరికిదాన్ని. గ్యాసు స్టవ్ ఆపానో లేదో గుర్తురాక బస్సు దిగి ఇంటికి వెనక్కి నడిచిన రోజులున్నాయి. అలాంటిదాన్ని ఒక మనిషి నలభై ఏళ్ల కష్టాన్ని తీసుకుపోయి ప్రమాదంలో పడేశానంటే, అది తెగించి చేసిన పని కాదు. జాగ్రత్త పడబోయి చేసిన పని.

మదనపల్లెలో పట్టు మగ్గాల వీధిలో మా ఇల్లు. ముందు గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని చీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసి ఇస్తుంటాను. నేను గళ్లలో చుక్కలు నింపుతాను, వాటిని చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీద తిరుగుతుంటే చీరలో పువ్వులు పడతాయి. కంప్యూటర్లు రాకముందు ఈ పనంతా గ్రాఫు కాగితాల మీద చేత్తోనే జరిగేది. అలా గీసినవాళ్లలో మా వీధికి చివరగా మిగిలినాయన ఒక్కరే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. చిన్నాపెద్దా అందరికీ ఆయన చాచానే.

షుగరు వల్ల చాచాకు కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది కానీ చూపు అంతంత మాత్రం. చేతులు వణకడం మొదలయ్యాక పెన్సిలు పక్కన పెట్టేశారు. ఒక రోజు మూడు బియ్యం సంచుల నిండా చుట్టలు చుట్టిన కాగితాలతో ఆటోలో మా ఇంటి ముందు దిగారు.

"నా కండ్లు ఇంగ పన్జేసేట్టు లేవు బేటీ. వీటిని నీ డబ్బాలో పెట్టు" అన్నారు.

వాటిని స్కాన్ చేసి, ఒక్కొక్క గడీ సరిచూసి కంప్యూటర్లో మళ్లీ గీయడానికి నాకు మూడేళ్లు పట్టింది. కాగితాలు తిరిగి ఆయన ఇంటి అటక ఎక్కాయి. మరుసటి వానాకాలంలో వాటికి చెదలు పట్టాయి. సంచుల్లో మట్టి తప్ప ఏమీ మిగల్లేదని చాచా నవ్వుతూ వచ్చి చెప్పారు.

"పోతే పోనీలేమ్మా. నీ డబ్బాలో బద్రంగా ఉండాయి కదా."

ఆయన నవ్వారు గానీ నాకు మాత్రం ఆ మాటతో గుండెల్లో రాయి పడింది. అప్పటిదాకా నా దగ్గర ఉన్నవి నకళ్లు. ఆ క్షణం నుంచి అవే అసళ్లు. నా కంప్యూటరు ఏ కొంచెం గురగురమన్నా చేస్తున్న పని ఆపి చెవి పెట్టి వినేదాన్ని.

ఇక అసలు సంగతి. ఆ కంప్యూటరును బిగించి ఇచ్చింది పుంగనూరులో చిన్న దుకాణం పెట్టుకున్న ఒకాయన. లోపలి డిస్కు ఒక్కటే. దాన్ని రెండు భాగాలు చేసి, కంప్యూటరు తన పనికి వాడుకునే సి భాగాన్ని చిన్నదిగా, మన ఫైళ్లు దాచుకునే డి భాగాన్ని పెద్దదిగా పెట్టాడు. నాలుగేళ్లకు సి నిండిపోయింది. నిండుదనాన్ని చూపించే గీత ఎర్రబడింది. డిజైను సేవ్ చేయబోతే ఖాళీ లేదనేది. రెండుసార్లు పని మధ్యలోనే ఆగిపోయి రోజంతా గీసింది పోయింది. ఈసారి పోయేది చాచా డిజైన్లేనేమో అని నాకు పట్టుకుంది. అవి డిలో ఉన్నాయనీ, నిండింది సి అనీ తెలిసి కూడా భయం పోలేదు.

డిలో సగానికి సగం ఖాళీ. అందులోంచి కొంత తీసి సికి ఇస్తే తీరిపోతుందనుకున్నాను. తీరా వీడియోలు చూస్తే అది అంత తేలిక కాదని తెలిసింది. అన్నదమ్ముల పొలాలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. తమ్ముడి పొలంలో ఖాళీ నేల అవతలి గట్టు దగ్గర ఉంటే అది అన్నకు అందదు. అన్న గట్టు పక్కనే ఖాళీ రావాలంటే తమ్ముడు తన చెట్లన్నిటినీ వేళ్లతో సహా పెకలించి అవతలికి జరిపి నాటుకోవాలి. డిస్కులో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. గంటల తరబడి నడుస్తాయి. నడుస్తున్నప్పుడు మధ్యలో ఆగిపోతే సగం చెట్లు కొత్తచోట, సగం పాతచోట, కొన్ని ఎక్కడా కాకుండా ఉండిపోతాయి. చూసిన ప్రతి వీడియోలోనూ ముందుగా చెప్పిన మాట అదే. కరెంటు పోకూడదు.

అందుకని నేను చేయని జాగ్రత్త లేదు. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. డిస్కులో లోపాలేమైనా ఉన్నాయేమో పరీక్ష పెట్టి, ఏమీ లేవని తేలాక రెండోసారి కూడా పెట్టాను. లైన్‌మన్‌ను ఆపి ఈ వారంలో ఏ రోజైనా కరెంటు తీస్తారా అని అడిగితే, "యాలమ్మా, ఇంట్లో పెండ్లా?" అన్నాడు. డిజైన్ల ఫోల్డరును పెన్‌డ్రైవులోకి కాపీ కూడా చేశాను. ఒక్క సెకనులో అయిపోయింది. కొత్త పెన్‌డ్రైవు ఎంత వేగమో అని మురిసిపోయాను.

రోజు కూడా ఆలోచించే ఎంచుకున్నాను. ఆయుధ పూజ. ఆ రోజు మా వీధిలో మగ్గం చప్పుడు వినపడదు. పనిముట్లన్నిటినీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, వాటికి సెలవిస్తారు. మగ్గం తొక్కడం మాట అటుంచి కత్తెర కూడా చేత్తో పట్టరు. డిజైను కావాలని తలుపు తట్టేవాళ్లు ఉండరు కాబట్టి ఆ రోజైతే కంప్యూటరు నిమ్మళంగా తన పని తాను చేసుకుంటుంది. దానికి సెలవివ్వకుండా పని చేయించడం తప్పేనని మనసులో పీకింది. అయినా స్క్రీన్ ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది. పొద్దున్నే పని మొదలుపెట్టి, మూడు గంటలు పడుతుందని చూపించాక స్క్రీన్ ఒక్కటే ఆపేసి, లోపల తిరుగుతున్న పెట్టెకు బొట్టు పెట్టి, చామంతి దండ వేసి, దీపం వెలిగించాను. దేవుడి ముందు దొంగపని చేస్తున్నట్టుండి సరిగ్గా దండం కూడా పెట్టలేదు.

పక్కింటి నేతగాళ్లు వాళ్ల మగ్గానికి హారతి ఇస్తూ నన్ను పిలిచారు. వాళ్ల చీరలకు డిజైను గీసేది నేనే కాబట్టి వెళ్లక తప్పదు. వెళ్లేముందు స్క్రీన్ వేసి చూస్తే ముప్పై తొమ్మిది శాతం. మళ్లీ ఆపేశాను. పూజ రోజు దీపం ఉన్న గదికి తాళం వేయరు. తలుపు దగ్గరగా వేసి వెళ్లాను.

గంట తర్వాత తిరిగి వచ్చేసరికి చాచా మా గడపలో కూర్చుని బొరుగులు తింటున్నారు. ఆయన ఏటా పూజకు వీధిలో ప్రతి ఇంటికీ వస్తారు. ఆ ఇళ్లన్నిటికీ అన్నం పెట్టింది ఆయన గీతలే కాబట్టి ఆయన చేతిలో ప్రసాదం పెట్టందే వాళ్లకు పూజ అయినట్టుండదు.

"యాల బేటీ, ఆపకుండానే పోయినావు?" అన్నారు నన్ను చూడగానే. "దండేసినావు, బొట్టు పెట్టినావు, లోపల లైటు సూస్తే మిణుక్కు మిణుక్కు అంటా ఉండాది. ఈ పొద్దు దానికీ రెస్టు ఇయ్యల్ల కదా. మరిసిపోయినావేమోలే అని నేనే ఆపేసినా."

గదిలోకి చూశాను. యూపీఎస్ పచ్చదీపం లేదు. కరెంటు పోకుండా ఊరంతటినీ కాపలా పెట్టాను గానీ, మర్యాద తెలిసిన మనిషి ఒకరు లోపలికి వస్తారని అనుకోలేదు. నలభై ఏళ్లు హిందువుల మగ్గాల మధ్య తిరిగి, పూజ రోజున ఎవరైనా మరిచిపోయి మగ్గం మీద కాలు పెడితే ఆపింది కూడా ఆయనే.

"మంచి పని చేసినావు చాచా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన నా మొహం వైపు ఒకసారి చూసి, మిగిలిన బొరుగులు పొట్లం కట్టుకుని, లేచి వెళ్లిపోయారు.

తలుపు గడియ వేసి కంప్యూటరు ఆన్ చేశాను. సి మామూలుగానే తెరుచుకుంది. ప్రాణం లేచొచ్చింది. డి మీద నొక్కాను. తెర మీద తెల్లటి చిన్న పెట్టె వచ్చింది. ఈ డ్రైవును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని ఎంతో మర్యాదగా అడిగింది. ఫార్మాట్ అంటే తుడిచేయడం. ఎక్కడ పొరపాటున ఎంటర్ మీద వేలు పడుతుందోనని కీబోర్డు తీగ పీకేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.

పెన్‌డ్రైవు ఉంది కదా అని గుర్తొచ్చింది. పరిగెత్తి వీధిలో ఇంకొకరి ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. అందులో ఉన్నది రెండు కేబీల ఫైలు. డెస్క్‌టాప్ మీద కనిపించే ఫోల్డరు బొమ్మ అసలు ఫోల్డరు కాదు, దానికి దారి చూపించే చీటీ మాత్రమే. నేను ఆ చీటీని కాపీ చేసుకుని సరుకంతా దాచుకున్నాననుకున్నాను. ఒక్క సెకనులో ఎందుకయిందో అప్పుడు అర్థమైంది. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

మరుసటి రోజు ఆ డిస్కు ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, టిఫిన్ క్యారియర్ పెద్ద గిన్నెలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. గుంట వచ్చినప్పుడల్లా గిన్నెను ఒళ్లోంచి గాల్లోకి లేపి పట్టుకున్నాను. పక్కన కూర్చున్న సదుం ఊరి ఆవిడ కాసేపు చూసి, "సాంబారా అమ్మా? ఒలికిపోతాదని బయమా?" అంది. అవునన్నాను.

పుంగనూరు దుకాణం ఆయన అంతా విని డిస్కును తాకనైనా తాకలేదు.

"దీన్ని ఇంగొకసారి ఆన్ చేస్తే ఉండేది కూడా పోతాది. నేను ముట్టుకోను. కుప్పంలో ఒకామె ఉండాది, బెంగుళూరులో ఇదే పని చేసి వచ్చింది. ఆమె వల్ల కాలేదంటే ఇంగ వదిలేసుకోవల్సిందే" అన్నాడు.

వదిలేసుకోవల్సిందే అన్న మాట పలమనేరు దాకా చెవుల్లో మోగుతూనే ఉంది. అక్కడ బస్సు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆమె రైలు స్టేషన్ వెనక వీధిలో ఇంట్లోనే పని చేస్తుంది. నాకంటే చిన్నది. నా గిన్నె మూత తీసి చూసి నవ్వలేదు. అదొక్కటే నాకు ధైర్యం.

"జరిపేటప్పుడు ఎంత కాడికి పోయిందక్కా?" అంది.

"ముప్పై తొమ్మిది చూసి పోయినా. ఆపేసరికి ఎంతయిందో తెలీదు."

"సరే. ముందు దీనికి నకలు తీస్తా, పని చేసేదంతా నకలు మీదనే. అసలుదాన్ని కదిలించను. జరిగిపోయినవి ఒక తట్టు దొరుకుతాయి, జరగనివి ఒక తట్టు దొరుకుతాయి. ఆగిపోయిన చోట ఏముండాదో, అది మాత్రం నేను చెప్పలేను. పేర్లు కూడా రావు, వట్టి నెంబర్లు వస్తాయి." తువ్వాలు విప్పుతూ, "మీవేనా?" అని అడిగింది.

కావని చెప్పడానికి నోరు రాలేదు. తల ఊపాను.

ఆమె పన్నెండు రోజులు తీసుకుంది. ఆ పన్నెండు రోజులూ నేను చెప్పిన అబద్ధాలకు లెక్క లేదు. చాచా గీసిన పాత అంచు కావాలని వచ్చిన నేతగాళ్లకు వైరస్ అని చెప్పాను, జ్వరమని చెప్పాను. వీధిలో ఎవరు దగ్గినా చాచానేమో అని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. రోజూ సాయంత్రం టీకి వచ్చే మనిషి ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. నా అదృష్టం అనుకున్నాను. ఎందుకు రావడం లేదని ఆలోచించనైనా లేదు. భయంలో ఉన్న మనిషికి తన భయం తప్ప ఇంకొకటి కనపడదు.

కుప్పం నుంచి ఫోను వచ్చింది. ఇంచుమించు అన్నీ దొరికాయి. పేర్లు లేవు. వందల కొద్దీ ఫైళ్లు, ఒకటి, రెండు, మూడు అని. ఏ డిజైను ఏదో, ఏ అంచుకు ఏ కొంగు జతో చెప్పగలిగింది లోకంలో ఒక్కరే. ఇక దాచడం కుదరదు. కొత్త డిస్కు తెచ్చి బిగించాక, ఈసారి అసలు ఫైళ్లనే రెండు చోట్ల కాపీ చేసి, రెండు చోట్లా తెరిచి చూసి, అప్పుడు చాచా ఇంటికి వెళ్లాను.

దారంతా చెప్పుకోవాల్సిన మాటలు కూడబలుక్కుంటూ వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అడిగారు.

"నీ మిషను చెడిపోయినాదా బేటీ?"

నా జవాబుకు ఆగకుండా ఆయనే చెప్పుకుపోయారు.

"ఆ పొద్దు నీ మొగం సూసినా కదా. ఏదో చెయ్యకూడని పని చేసినానని తెలిసిపాయ. నీ బతుకుదెరువు దాని మిందనే ఉండాది. ఏమని అడిగేది, ఏ మొగం పెట్టుకుని వచ్చేది అని ఈడనే కూసుంటి. ఈ వీదిలో నన్ను ఎవురూ ఒక మాట అనింది లేదు, నువ్వు అంటావేమో అని బయపడితి."

నేను ఆయన పని పోగొట్టానని పన్నెండు రోజులు వణికాను. ఆయన నా పని పోగొట్టానని అక్కడ కూర్చుని వణికారు. తన డిజైన్లు పోయి ఉంటాయన్న ఆలోచనే ఆయనకు రాలేదు. నా డబ్బా మీద అంత నమ్మకం. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తప్పు నాదని, సెలవు రోజు పని చేయించింది నేనని, కాపీ చేశాననుకుని చేయనిది నేనని మొత్తం చెప్పేశాను. ఆయన ఎంతవరకు అర్థం చేసుకున్నారో తెలియదు. "పద, సూద్దాం" అన్నారు.

నాలుగు రోజులు నా పక్కన కూర్చున్నారు. ఒక్కొక్క ఫైలూ తెరిచి తెర నిండా పెద్దది చేస్తే, ముక్కు తెరకు ఆనించి, ఉన్న ఆ ఒక్క కంటితో చూసి పేరు చెప్పేవారు. కలకడ వాళ్ల చీరకు వేసిన మామిడి పిందెలు. ఫలానా ఇంటి కోడలు అడిగి వేయించుకున్న గవ్వల అంచు. నేను పేర్లు కొడుతూ పోయాను. మూడో రోజుకు ఇద్దరికీ నవ్వులు కూడా వచ్చాయి.

నాలుగో రోజు ఒక ఫైలు తెరిస్తే పై సగం డిజైను, కింది సగం వట్టి బూడిద రంగు. కుప్పం ఆమె చెప్పిన ఆగిపోయిన చోటు అదే. చాచా చాలాసేపు చూశారు. అది ఆయన మొదటిసారి సొంతంగా గీసిన కొంగు. వేరేవాళ్లవి దిద్దడం మాని, ఇది నాది అని చెప్పుకున్న మొదటిది. దాన్ని ఎవరికీ నేయడానికి ఇవ్వలేదు, ఉంచుకున్నారు.

"నా చెయ్యి ఆగదు. నేను చెప్తా, నువ్వు నింపు" అన్నారు.

కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. నాలుగు నింపు, రెండు వదులు, ఏడు నింపు, ఒకటి వదులు. పాట నేర్చుకున్న మనిషి పాడినట్టు ఆపకుండా చెప్పారు. నేను నింపుతూ పోయాను. వరుస తర్వాత వరుస, బూడిద రంగులోంచి తీగలు దిగుతున్నాయి. మధ్యలో రెండు తీగలు కలిసే చోటికి వచ్చేసరికి ఆయన ఆగారు. మొదటి నుంచి మళ్లీ చెప్పుకుంటూ వచ్చారు. మళ్లీ అక్కడే ఆగారు. వేళ్లు మోకాలి మీద లెక్కపెడుతూ ఉండిపోయాయి. ఆయన మొహంలో కనిపించినదాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. పన్నెండు రోజులు అద్దంలో చూసినదే.

"ఆడ ఏముండెనో గుర్తు రాలేదమ్మా" అన్నారు.

ఆ చోటు నాకు తెలుసు. నాలుగేళ్ల కింద దాన్ని గీస్తున్నప్పుడు అక్కడ చిన్న బొమ్మ ఒకటి ఉంది. పిట్టలాగానూ ఉంది, ఎవరో తల వంచుకున్నట్టుగానూ ఉంది. అదేమిటని అడిగితే ఆయన నవ్వి మాట మార్చారు. నేను కళ్లతో చూసి గడి గడి దించానే గానీ మనసులో పెట్టుకోలేదు. అది మళ్లీ గీయడం నా వల్ల కాదు. ఆయన అలా తడుముకుంటుంటే చూడలేకపోయాను. తీగ వాలును బట్టి అక్కడ ఒక ఆకు నింపాను. చూడటానికి బాగానే కుదిరింది. తెర ఆయన వైపు తిప్పాను.

ఆయన ముక్కు ఆనించి చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. తర్వాత వెనక్కి వాలి, నా చెయ్యి తట్టి, "ఇదే బేటీ. ఇదే ఉండె" అన్నారు.

ఆ కొంగు ఇప్పుడు మా పక్కింటి మగ్గం మీద నేస్తున్నారు, ఆయనే ఇవ్వమన్నారు. చాచా మళ్లీ రోజూ టీకి వస్తున్నారు. ఆ ఆకును చూసి ఇదే అని మరిచిపోయి అన్నారో, నన్ను కాపాడటానికి అన్నారో ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది. ఆయన గ్లాసు కింద పెట్టి లేచేదాకా ప్రతి సాయంత్రం అడగాలనే అనుకుంటాను. ఏ జవాబు వచ్చినా తట్టుకోలేనని భయం వేసి అడగను.